ఉప్పు విడిచే వేళ

మతోజీన్యుష్ రేవు మీద సన్నటి తుంపర.
శనివారం మధ్యాహ్నం.
ఇంట్లో ఉన్నది ఒక్కటే బేసిన్,
అందులో నిన్నటి నుంచీ ఉప్పుచేప నానుతోంది.

పక్కింటి ఇవోన్ కాగితం మీద రాసిచ్చింది,
మందుల చీటీలా:
వెడల్పాటి గిన్నెలో వేడినీళ్ళు,
గుప్పెడు కళ్ళుప్పు,
నాలుగు చుక్కలు లావెండర్ నూనె.
ఇరవై నిమిషాలు. ఏమీ ఆలోచించకూడదు.
ఆఖరి మాట కింద రెండు గీతలు.

ఆ పిల్ల పోర్టోలో ఓ పెద్ద హోటల్లో
డబ్బున్నవాళ్ళ వీపుల మీద
వేడి రాళ్ళు పేర్చేది.
హోటల్ మూతపడ్డాక మా మెట్ల మీద కూచుని
వచ్చేపోయే వాళ్ళ పాదాలు చూస్తోంది.
నా మడమలు చూసి అంది కదా,
"దియోలిందా పిన్నీ, ఈ పగుళ్ళలో
చిల్లర దాచుకోవచ్చు."

ముప్పై ఒక్క ఏళ్ళు
తడి గచ్చు మీద, రబ్బరు బూట్లలో నిలబడి
సార్డీన్ల తలలు కోశాను.
రోజుకి ఎన్నని అడక్కండి.
లెక్కపెట్టుకునే దాన్నయితే
రాత్రిళ్ళు నిద్ర పట్టేదా నాకు?

చేపని ఎత్తి సూప్ కుండలోకి మార్చాను.
ఏమనుకోకే, అన్నాను పైకే.
బేసిన్ తోమాను. మళ్ళీ తోమాను.
వాసన పోలేదు. పోకపోతే పోనీ,
మేమేమైనా పరాయివాళ్ళమా?

ఉప్పు డబ్బా చేతిలోకి తీసుకున్నాక
నవ్వాగలేదు.
ఇంకా ఉప్పా?
గోళ్ళ కింద ఉన్నది, మోచేతుల దాకా మండినది,
ఇంటికొచ్చి ముద్దాడితే
పిల్లలు మూతి తుడుచుకున్నది,
అదంతా ఏ లెక్కలోకి వస్తుంది?
డబ్బా మూత పెట్టేశాను.
లావెండర్ మా ఇంట్లో నేల తుడిచే మందులో ఉంది,
అది వద్దు.
నారింజ తొక్కలు వేశాను,
కిటికీ కుండీలోంచి రెండు లారెల్ ఆకులు తుంచి వేశాను.
చారు పెడుతున్నట్టే ఉంది.

కాళ్ళు పెట్టాను.
అబ్బా.

కళ్ళ మీద కీరా ముక్కలు పెట్టుకోవాలట.
ఒకటి పెట్టుకున్నాను,
రెండోది తినేశాను.
ఒంటికన్నుతో ఏమీ ఆలోచించకుండా కూచున్నాను:
గ్యాస్ బిల్లు, చిన్నవాడి పన్ను నొప్పి,
ఇస్త్రీపెట్టె తీగ,
మళ్ళీ గ్యాస్ బిల్లు.

పంచదారలో ఆలివ్ నూనె పోసి
చేతులు రుద్దుకోమంది ఇవోన్.
ఆ నూనె నాకు తెలుసు.
డబ్బా డబ్బాకీ చేపల మీద
సరిగ్గా అంచు దాకా పోసిన నూనె.
వాటికి పోసిన దాన్ని
నాకెప్పుడూ పోసుకోలేదు.
బొటనవేలి మీద కత్తి గాటు దగ్గర
పంచదార కాసేపు ఆగింది,
తర్వాత కరిగింది.

రేవులో ఏదో పడవ కూత పెట్టింది.
కాళ్ళు వాటంతటవే లేవబోయాయి.
కూచోండి, అన్నాను వాటితో,
ఆ పిలుపు మనకి కాదు.

అదేరితు వచ్చాడు, గొడుగు దులుపుకుంటూ.
కుండలో చేపని చూశాడు,
బేసిన్‌లో నన్ను చూశాడు.
కాగితం చదివాడు, కళ్ళద్దాలు లేకుండా,
చెయ్యి దూరంగా చాచి.
"నీళ్ళు మార్చావా?" అన్నాడు.
చేపకా?
"చేపకి పొద్దున్నే మార్చాను. నీకు."

ఉప్పుచేప నీళ్ళు మూడుసార్లు మార్చాలి,
లేకపోతే నోట పెట్టలేం.
అది మా అత్తగారు నేర్పింది.
నా నీళ్ళు ఎవరూ మార్చలేదు,
నేనూ అడగలేదు,
అడిగే పని ఒకటుంటుందని తట్టనే లేదు.

బేసిన్ ఎత్తబోయి సగం చాప మీద ఒలకబోశాడు.
కెటిల్ తెచ్చాడు. మరీ వేడిగా పోశాడు.
తిట్టాను. చన్నీళ్ళు తెచ్చాడు.
ఆ తర్వాత కుర్చీ లాక్కుని
తన మేజోళ్ళు విప్పడం మొదలుపెట్టాడు.
ఇది ఒక్కరికే పట్టే బేసిన్, అన్నాను.
వినలేదు.

ఇరవై నిమిషాలయ్యాయో లేదో.
గడియారం నా వీపు వెనక ఉంది.

సాయంత్రం చేపని దాని చోట దాన్ని పెట్టాను.
రేపు బంగాళాదుంపలతో వండుతాను.
కాస్త నారింజ వాసన వస్తే
ఎవరూ ఏమీ అడగొద్దు.